ఏ మందు

మిర్యాలగూడల రైసుమిల్లు ఎనుక గది మాది.
ఊక దుమ్ము కిటికీల నుంచి,
నల్లులు మంచం సందుల నుంచి.
లైటేస్తే ఒక్కటి దొరకదు,
ఆర్పితే వీపంతా సంత.

ఐతారం జంగయ్య ఊరికి పోయొచ్చిండు.
సంచిల కూల్‌డ్రింకు సీసా,
అడుగుకు బెత్తెడు తెల్లటి నీళ్లు.
"పత్తికి కొట్టంగ మిగిలిన మందు.
ఒక్కసారి సల్లితే మనుమల కాలం దాక నల్లి పుట్టది."

మందు.
మా అమ్మ బీపీకి మింగేదీ మందే,
ఈయన శనివారం తాగొచ్చేదీ మందే,
మా మేనమామ చేనుగట్టు మీద...
వద్దు, ఆ మాట ఈ ఇంట్ల తియ్య.

చిన్నోడు అప్పటికే రెండుసార్లు అడిగిండు,
"అమ్మా, గా డ్రింకు నాకా?"
మూత బిగిచ్చి, రెండు కవర్లల చుట్టి
తెచ్చినాయన చేతులనే పెట్టిన:
"చేనుది చేనుకే పోవాలె."

కాశీనాథం సేటు దుకాణంల డబ్బా నూటఎనభై.
దాని మీద అక్షరాలు చీమగుడ్లంత.
ఏడో తరగతి నవ్య ఎండకు పట్టుకొని
పాఠం అప్పజెప్పినట్టు ఆగి ఆగి చదివింది.

ముందుగాల మంచం వాకిట్లేసి
కీలు కీలుకు మసిలే నీళ్లు పోసిన.
బియ్యం డబ్బా, తాగే బిందె, పిల్లలు,
అన్నీ అండాలక్క ఇంటికి.
సిలిండర్ బంజేసిన. దేవుని దీపం గూడ ఆర్పిన.
ఆయనేమనుకోడు,
నల్లి ఆయన పటం ఎనుక గూడ ఉంది.

ముక్కుకు గుడ్డ, కండ్లకు జంగయ్య బండి అద్దాలు.
గాలిల కాదు, గోడ పగుళ్లల్ల, మంచం సందులల్ల.
ఎంత కొడితే అంత మంచిదనుకునే నా చెయ్యిని
నవ్య వాకిట్ల నుంచి అరిచి ఆపింది:
"చాలమ్మా! తడిస్తే చాలంట!"

తలుపేసి అండాలక్క అరుగు మీద కూసున్నం.
వాసన పోయేదాక కిటికీలు బార్ల తీసిపెట్టి
మోచేతుల దాక సబ్బుతోని కడుక్కున్న.

ఆ రాత్రి నాకు నిద్ర రాలే,
ఏదీ కుడ్తలేదని.

గుడ్లు ఈ దెబ్బకు చావవంట.
పది దినాలకు మళ్లొకసారని
క్యాలెండర్ల గీటు పెట్టిన,
కరెంటు బిల్లు తారీఖు పక్కన.
డబ్బా అటక మీద, నా చేతికే కష్టంగ అందేటట్టు.

గా సీసా ఊరికి పోయిందా అంటే
పోయిందంటడు.
బండి సంచి నేనే తెరిచి చూస్త.

ఇప్పుడు ఇంట్ల ఏ కూల్‌డ్రింకు సీసా ఖాళీ అయినా
అడుగుల మేకు దిగ్గొట్టి పారేస్తున్న.
జంగయ్య నవ్వుతడు.
నవ్వనీ.