ఒక్క గంట

తెల్లారకముందే పరకాల మీదుగా బస్సులో వచ్చి
వరంగల్ కంటి దవాఖానల నా ముందు పడుకున్నాడు
ఆసు రాజపోశం, అరవై ఎనిమిదేండ్లు,
భూపాలపల్లి బాయిల హాలేజి నడిపిన మనిషి.
ఎడమ కంట్ల పాతబెల్లం రంగు శుక్లం.
చుక్కల మందుతో తీరేది కాదు.

"సూది కంట్లకా?"
"కంట్లకు కాదు, కంటి కిందికి."
ఆ రెంటి నడుమ దూరం
నా చదువంతా కలిపితే చిటికెన గోరంత.

నా గురువుల కాలంలో పైకి, ముక్కు దిక్కు చూడమనేవాళ్లు.
అట్లా చూస్తే నరం సూదికి ఎదురొస్తుందని
ఎవరి కన్ను పోతే తెలిసిందో
పుస్తకంలో పేరు లేదు.
ఇప్పుడు సూటిగా చూడమంటాం.
"కప్పు మీద ఆ మరక చూడు పెద్దయ్యా,
నిరుటి వానలకు పడ్డది."

కింది ఎముక అంచు వెంట వేలు జరిపి
వేలు ఆగినచోట సూది.
పసిదానికి ఉగ్గు పోసినంత నిదానంగా
ఐదు మిల్లీలీటర్లు.
రెప్ప ఉబ్బింది. అరచేత్తో అదిమిపట్టి
గోడ గడియారంలో పది నిమిషాలు చూశాను.
"ఎడమకు చూడు."
అతను చూశాడు. కన్ను చూడలేదు.

ఆకుపచ్చ గుడ్డ కప్పేముందు చెప్పాను:
మాట్లాడొద్దు, తల కదపొద్దు,
దగ్గొస్తే సిస్టర్ చెయ్యి నొక్కు.

శుక్లం సగం బయటికొచ్చింది.
"ఆపండి" అంది సలోమి.
ఫసీహా మేడం చేతులు గాలిలోకి లేచాయి.
గుడ్డ కింద
ముప్పై ఏండ్ల బొగ్గు దగ్గింది.

మళ్లీ నిశ్శబ్దం.
"ఇప్పుడు రెండుసార్లు నొక్కుతుండు మేడం, ఏమో మరి."
నాకూ తెలియలేదు.
ముగ్గురం అట్లనే నిలబడ్డాం, ఒక కన్ను తెరిచి పెట్టుకుని.

ఉండబట్టలేక గుడ్డ కిందినుంచే అన్నాడు:
"ఒక్క గంట కొడితే ఆపుమని.
రెండు కొడితే నడువుమని.
గిది గూడ తెల్వదా మీకు?"

పట్టీ వేసి, బయట బెంచీ మీద కూచోబెట్టి
నొప్పి పుట్టిందా అని అడిగాను.
"లేదు బిడ్డా. నీలంగ, ఎర్రగ ఏమేమో పారినయ్.
ఎనుకనుంచి ఎవడో
టోపీ లైటు పెట్టుకొని నా దిక్కే వస్తుండు.
ఎవడా అని చూస్తనే ఉన్న.
గంతల్నే నువ్వు పట్టీ ఏస్తివి."