గడప అవతల

మా ఇంటి వెనక, సముద్రం వైపు, చెక్క వసారా ఉంది.
వేసవి మూడు నెలలు పోతే
అది పాత వలలదీ, కాలు విరిగిన కుర్చీదీ, మా కుక్కదీ.
డిసెంబరులో అక్కడ కూర్చునేవాళ్ళని
మా పబ్నికోలో వింతగా చూస్తారు.

ఈసారి క్రిస్మస్ విందు బయటే అన్నాను.

అన్సెల్మ్ చెంచా కింద పెట్టాడు.
"ఆ గాలిలోనా, ఒడీల్?
బొత్తాం సందు దొరికితే ఎముక దాకా పోతుంది."
తెలుసు. అందుకే పడవ తార్పాలిన్ తెచ్చి
రెండు స్తంభాల మధ్య బిగించి కట్టాను.
ఈ ముడి మీ నాన్న నేర్పిందే, అన్నాను.
ఆ మాటకి లేచి వెళ్ళిపోయాడు.

పదకొండేళ్ళ కిందట, ముసలాయన పోయిన నెలకి,
పడవ ఎవరిదని అన్నదమ్ములు అనుకున్న మాటలు
ఇక్కడ రాయను.
ఆఖరి మాట రాస్తాను, అది రెనోది:
"మళ్ళీ ఈ గడప తొక్కితే నా కాలు విరగ్గొట్టు."
అన్న మాట మీద నిలబడే మనిషి.
రేవులో ఎదురుపడితే
ఆకాశంలో ఏదో మబ్బుని వెతుక్కుంటాడు.

గడప తొక్కనన్నాడు. సరే.
వసారా గడపకి అవతలే కదా.

నూనె పీపాకి చిల్లులు పొడిచి కుంపటి చేశాను.
తొమ్మిది లాబ్‌స్టర్ బోనులు ఒకదాని మీద ఒకటి పేర్చి
సందుల్లో స్ప్రూస్ కొమ్మలు దూర్చితే
చెట్టయింది, కాస్త ఎడమకి ఒరిగి.
ఖాళీ జామ్ సీసాల్లో పిడికెడు ఇసుక, ఇసుకలో కొవ్వొత్తి.
బల్లల మీద గొర్రెతోళ్ళు.
పాదాల కింద పెట్టుకోను ఇటుకలు కాల్చి
అన్సెల్మ్ పాత మేజోళ్ళలో దూర్చాను.
అమ్మ బొంతలు తీస్తే కర్పూరం వాసన,
పోనీ, గాలి పట్టుకుపోతుందిలే.

చెట్టుకి కట్టడానికి వల బెండ్లు కావలసి వచ్చి
కొట్టు గదిలోకి వెళ్ళాను.
ఇక్కడ ప్రతి జాలరికీ తన రంగు.
మావి నారింజ మీద తెల్ల పట్టీ.
వాటి కింద గోనెసంచి, మూతి కుట్టేసి ఉంది.
విప్పితే ఏడు బెండ్లు:
ఆకుపచ్చ మీద పసుపు గీత.
రెనోవి.
ఏ తుఫానుకో తెగి మా ఒడ్డుకి కొట్టుకొచ్చినవి.
పట్టిన గుల్లలు గీకి, కొత్త తాడు వేసి,
ఏడింటినీ దాచాడు నా మొగుడు,
నాకు కూడా చెప్పకుండా.

నేనూ అడగలేదు.
ఏడూ తెచ్చి చెట్టుకి కట్టాను.
సాయంత్రం చూశాడు. చూసి
అన్నిటికంటే కిందున్న దాన్ని విప్పి
కొంచెం పైన కట్టాడు.

ఇనుప మూకుడులో దుంప తురుమూ కోడీ
అంచులు మాడేదాకా కాలుతున్నాయి.
పక్కింటి లోరెట్ మూడు కోట్లు వేసుకొచ్చింది.
పిల్లలు ఇటుకల కోసం కొట్టుకున్నారు.
ఎనిమిదింటికి, వీధి తలుపు వైపు కాదు,
ఒడ్డు దారిన లాంతరొకటి వచ్చింది.

రెనో మెట్టు దగ్గర ఆగాడు.
"మెట్టు గడప కాదు," అంది వాళ్ళావిడ జోసెట్,
అందరికీ వినపడేలా.

ఎక్కాడు. చెట్టు ముందు నిలబడ్డాడు చాలాసేపు.
"ఇవి నావి."
"కొట్టుకొచ్చాయి," అన్నాడు అన్సెల్మ్,
కుంపటిలోకి కట్టె తోస్తూ.

పదకొండేళ్ళకి మొత్తం మూడు మాటలు.
తర్వాత మళ్ళీ మూగనోము. కానీ
ఒకే బొంత రెండు చివర్లు ఇద్దరి మోకాళ్ళ మీదా.
మధ్యలో కుక్క.

రెండో సీసా బీరు తర్వాత రెనో లేచాడు.
లోపల బాత్రూం ఎక్కడో అతనికి తెలుసు,
పుట్టిన ఇల్లు.
కట్టెల మోపు వెనక్కి నడిచాడు,
మంచులోకి, చిన్నప్పటి లాగే.
అన్సెల్మ్ నవ్వాడు. చీకట్లోంచి
ఇంకో నవ్వు వినపడింది.

వంటింటి తలుపు నేను జానెడు తెరిచే ఉంచాను.
వేడంతా బయటికి పోతూనే ఉంది.
నూనె బిల్లుకి భయపడి
శీతాకాలమంతా తలుపు తలుపు అని గొణిగే మనిషి
తలుపు వైపు రెండుసార్లు చూశాడు.
వెయ్యమనలేదు.