స్విచ్చు మీద తెల్లపట్టీ

ఇరవై రెండేండ్లు గోడలు చెక్కిన.
మర్రిగూడ, నాంపల్లి, చండూరు,
ఎవరిల్లయినా బోర్డు ఒకటే ఎత్తు:
నా భుజానికి బెత్తెడు కింద.
టేపు పట్టకుండనే గీత గీస్తుంటి.

మా ముత్తమ్మక్క చెయ్యి
ఆ గీత దాక లేవదు.
చిన్నప్పుడు తాగిన బోరునీళ్లు
ఎముకల్ల గడ్డకట్టినయ్.
తర్వాత నల్లా వొచ్చింది, మంచినీళ్లొచ్చినయ్ గని
బిగుసుకున్న భుజాన్ని అవి మాత్రం ఏం చేస్తయ్?
పొద్దుగూకితే కట్టెతోని స్విచ్చు పొడుస్తది.
ఒక్కోపాలి ఫ్యాను తిరుగుతది,
చీకటి అట్లనే ఉంటది.

అందుకే తెచ్చిన నల్లగొండకెళ్లి
ఆరువొందల యాభై పెట్టి
చెప్తే వినే బుగ్గ.

వినే ముందు అది శాన అడిగింది.
ఫోను నంబరు, మెయిలు, ఓటీపీ,
మేమున్న తావు, మా ఇంటి వైఫై గుట్టు.
పిల్లనిచ్చేటోళ్లు గుడ అన్ని అడగరు.
సిగ్నలేమో డాబా మీద, బుగ్గేమో నడిమింట్ల.
నేను నిచ్చెన మీద, మేనకోడలు సింధూజ మెట్ల మీద,
మిణుకు మిణుకుమనుకుంట
గంటన్నర ఆడిచ్చింది ఇద్దర్ని.

"బుగ్గెయ్యి" అన్నది అక్క.
ఉలుకు లేదు.
"బుగ్గ ముట్టియ్యవే" అన్నది, బతిమాలినట్టు.
ఫోను ఏదో పెండ్లిపాట ఎత్తుకున్నది.
సింధూజ నేర్పింది: హాల్ లైట్ ఆన్.
అక్క నోట్ల అది "హాలు లైటాను" అయింది.
అయినా ఎలిగింది!
చేతులు ఒళ్లోనే ఉన్నయ్ అక్కకు,
ఇల్లంత ఎలుగు.
మళ్ల ఆర్పింది. మళ్ల ఏసింది.
ఏడుసార్లు లెక్కపెట్టిన.

అయితే బిక్షమయ్య బావ ఉన్నడు గదా.
నలభై ఏండ్ల చెయ్యి ఆయనది,
గడప దాటుతుంటే తనంతట తనే బోర్డు మీదికి పోతది.
టిక్కు.
ఇగ అక్క ఎంత పిలిచినా ఆ బుగ్గ లేవదు.
తీగల పాణముంటేనే దానికి చెవులు.
"ఆర్పినంక గూడ లోపల కొంత తాగుతనే ఉంటదంట,
బిల్లు ఎవ్వలు కడతరు?" అంటడు బావ.
కొంచెమే గని, ఆ మాట అబద్ధం గాదు.
అక్క మోకాలి పట్టీల కెళ్లి తెల్లముక్క చింపి
స్విచ్చు మీద అంటించిన,
పెన్నుతోని రాసిన: ముట్టకు.

అర్ధరాత్రి కరెంటు పోయి వొస్తే
ఎవ్వరడగకున్నా భగ్గుమంటది.
ఒకనాడు పక్కింటి కోడి మోసపోయి కూసింది.
మంచిగుండే రాత్రులూ ఉన్నయ్.
పండుకునే ముందు బాగ తగ్గిస్తే
బెల్లంపాకం రంగుల ఉంటది ఇల్లు.
ఆ రంగుల లేసి, గోడ పట్టుకొని
బాత్రూం దాక పోయొస్తది అక్క.
బుగ్గ వొచ్చినంక ఒక్కపాలి గుడ పడలే.

కార్తీకంల ఒకనాడు
నెట్టు రీచార్జి అయిపోయింది. నాకు యాది లేదు.
బావ మిల్లు కాడ రాత్రి డ్యూటీ.
నేను చండూరుల పనిజేసి తొమ్మిదింటికొస్తే
తలుపు తీసే ఉన్నది, లోపల చీకటి.
"అడిగిన తమ్మీ," అన్నది అక్క చీకట్ల కెళ్లి,
"అది పలకలే. ఊకున్న."
"కట్టె ఏది?"
"బుగ్గొచ్చింది గదా అని
పొయ్యిల పెట్టిన."

తెల్లారి పనికి పోలే.
ఉలి, సుత్తె తీసిన.
అక్క మంచం పక్కన, ఆమె మోచెయ్యి ఆనేకాడ,
నేలకు రెండడుగుల ఎత్తుల
కొత్త బోర్డు, ఉత్త స్విచ్చు, ఉత్త బుగ్గ.
ఇరవై రెండేండ్లల్ల
ఇంత కిందికి ఏనాడు గోడ కొట్టలే నేను.
దుమ్ము కండ్లల్ల పడ్డదని చెప్పిన అక్కకు.

వినే బుగ్గ గుడ ఉన్నది, తీసెయ్యలే.
రీచార్జి తారీకు క్యాలెండర్ల గుండ్రం చుట్టిన.
పట్టీ అంచు లేసింది, జిడ్డు పట్టింది,
"ముట్టకు"ల "ము" పోయి "ట్టకు" మిగిలింది.

ఇప్పుడు కొత్తింటికి పోతే
పెన్సిలు చెవి మీదనే ఉంటది.
ముందు అడుగుత:
ఈ ఇంట్ల ఎవరి చెయ్యి ఎంతదాక లేస్తది?
కొందరు నవ్వుతరు.
కొందరు లోపలికి చూసి
ఎవరినో పిలుస్తరు.