సగం ట్యాంకు

సూది సగానికి దిగితే
ఖాళీ అయినట్టే లెక్క, అనేవాడు గెంజో.
ముప్పై ఏళ్ళు పాలసీసాల వ్యాను తోలినవాడు.
లెక్క ఆయనది,
నవ్వు మాది.

నెలకోసారి నా క్షౌరశాలకొచ్చి కూర్చునేవాడు
మెడ వెనక పొట్టిగా కత్తిరించమని.
కత్తెర ఆడినంతసేపూ వ్యాను ముచ్చట్లే.
పరుపు కింద మూడు నీళ్ళ క్యాన్లు,
తలుపు జేబులో విజిలు,
మడత టాయిలెట్టు, దానికి నల్లసంచులు ఇరవై,
ఏ కిటికీ కొలతకు ఆ కిటికీకి
కోసిపెట్టిన వెండిరేకు తెరలు.

"ఇంత సరంజామా ఏ ప్రళయానికండీ?" అన్నాను ఓసారి.
"ప్రళయానికి కాదు, మంగళవారానికి" అన్నాడు.

ఇల్లెందుకు అమ్మాడో ఎవరం అడగలేదు.
నది పక్కన, బస్సులాగే మజిలీలో,
ముల్లంగి అమ్మే అంగడి వెనక
రెండు తెల్లగీతల మధ్య ఆయన ఊరు.
బడిపిల్లలు నత్త అని పిలిస్తే
కిటికీలోంచి తల పెట్టి
రెండు వేళ్ళు కొమ్ముల్లా ఆడించేవాడు.
ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
మోసి చూడమన్నదెవరు?
ఈ జోకు నాదే. దుకాణంలో అందరికీ చెప్పాను.

అది మంగళవారం కాదు.
గురువారం, రాత్రి తొమ్మిదిన్నర.
నా అద్దాలు మూడూ
నాకంటే ముందే నేలమీదికొచ్చాయి.
మొదటి కుదుపుకి ఇంట్లోంచి పరుగెత్తాం.
మర్నాడు రాత్రి రెండోది, ఇంకా పెద్దది, వచ్చాక
ఇల్లన్న మాటలోంచే పరుగెత్తాం.
నిలిచిన ఇళ్ళవాళ్ళు కూడా
దూలం కింద కన్ను మూయలేకపోయారు.

మజిలీలో నలభై ఆరు కార్లు.
లెక్కపెట్టాను, నిద్ర రాక.
వాటిలో నలభై సూదులు ఎర్రగీత మీద.
బంకు ముందు వరస వంతెన దాటింది.
హీటరు పది నిమిషాలు, ఆపడం గంట,
మళ్ళీ పది నిమిషాలు.

పక్కింటి రీసా చంకలో నాలుగు నెలల పిల్ల.
పాలపొడి ఉంది, వేడినీళ్ళు లేవు.
ఆమెకు మొహమాటం. నేనే తట్టాను ఆ వ్యాను తలుపు,
జోకు చెప్పిన నోటితోనే.
గెంజో ఏమీ అనలేదు.
వెనక తలుపు బార్లా తెరిచి
స్టవ్వు వెలిగించాడు. "మూసి వెలిగిస్తే
పొద్దున్నకి ఎవరమూ లేవం."
సీసా కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసి
ఇచ్చాడు. ఆ చెయ్యి
ఆ పని మరిచిపోలేదు.

నాలుగో రోజు ఒక డాక్టరమ్మ
కారుకారుకీ వంగి చెప్పింది:
సీట్లో ముడుచుకుంటే కాళ్ళలో నెత్తురు గడ్డకడుతుంది.
దుప్పటున్నంతే కాళ్ళు చాపుకోమన్న సామెత
ఆ నెలంతా తప్పు.
ఆ తర్వాత రోజూ తెల్లవారుజామున
అద్దాల మీద గెంజో వేళ్ళ చప్పుడు,
ఒకప్పుడు గుమ్మంలో సీసాల చప్పుడొచ్చే వేళకే.
నలభై ఆరు కార్ల జనం
ముల్లంగి అంగడి చుట్టూ ప్రదక్షిణం.
మేయరు గారి తల్లి కూడా, చెప్పులు మార్చి వేసుకుని.

ఒక్కటి మాత్రం ఆయన చెప్పలేదు, నేనే చూశాను.
అన్నీ ఒక్కటొక్కటే ఉన్న ఆ వ్యానులో
గిన్నె ఒకటి, చెంచా ఒకటి,
కప్పులు రెండు.
రెండోదానికి ఇంకా ధర చీటీ అంటుకునే ఉంది.
మొదట అందులో టీ తాగింది నేనే.

ఇప్పుడు కొత్త అద్దాలు బిగించాం.
నెలాఖరుకి వస్తాడు. వెనక పొట్టిగా.
డబ్బు వద్దంటే దువ్వెన కింద పెట్టి పోతాడు.
ఆ జోకు ఎవరైనా గుర్తుచేస్తే
కత్తెర చప్పుడు కాస్త పెంచుతాను.

నిన్న దుకాణం మూసి వెళ్తూ చూశాను,
సూది సగానికి ఇంకా వెంట్రుకవాసి పైనే ఉంది.
బంకు వైపు తిప్పాను.