ఎక్కే పెట్టె, దిగే పెట్టె

వల్పరాయిసోలో మా కొండకి
రెండు చెక్కపెట్టెలు, ఒకటే ఇనపతాడు.
ఒకటి దిగితేనే రెండోది ఎక్కుతుంది.
పంతొమ్మిదేళ్లుగా కింది కిటికీలో కూర్చుని
టికెట్లు చింపుతున్నాను.

మా మియారాయ్‌కి ఐదు నిండాయి.
నా పక్కన పీట వేసుకుని
వచ్చే ప్రతి మనిషినీ పలకరిస్తుంది.
"మీ కుక్క మోకాలు తగ్గిందా?"
"నిన్నటి గొడుగేది?"
నోట్లో నువ్వుగింజ నానదు దానికి.
చేపలమ్మే ఎర్నెస్తీనా ఎవరికెంత బాకీయో
ఒక్క మధ్యాహ్నంలో కొండంతా తెలిసిపోయింది.
అంకెలు టికెట్ల మీద నేర్చుకుంది,
అక్షరాలు గోడల మీది రంగురాతల్లో.
వాటిలో చదవకూడనివి కొన్ని ఉంటాయి.
అవే ముందొచ్చాయి.

"చురుకైన పిల్ల, మంచి బడిలో వెయ్యి"
అన్నారు ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ.
మంచి అంటే ఏమిటో
ఒక్కరూ టికెట్ వెనక రాసివ్వలేదు.

అక్టోబరు గాలిలో, సెలవు పెట్టి,
హసింతా నేనూ
కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగాం.

కొండ మీది బడికి ఇత్తడి గంట, నీలం కోట్లు.
నేల నునుపు చూసి
మా బూట్లకి మాకే సిగ్గేసింది.
తలుపు వెనక ముప్ఫైమంది పిల్లలు,
ఒక్క దగ్గు లేదు.
హసింతా నా చెయ్యి నొక్కింది, ఆశతోనే.
డైరెక్టరమ్మ ఒయార్సూన్ బొమ్మలు పరిచింది:
ఆవు, గుర్రం, కుక్క, గరిటె.
"ఇందులో కలవనిది ఏది?"
మా పిల్ల చాలాసేపు చూసింది.
"గరిటెనా? పాపం.
ఆవు పాలు కాస్తే కలుస్తుందిగా."
ఆవిడ నవ్వింది. మంచి మనిషే.
నవ్వుతూనే రాసుకుంది:
"తెలివైనది. మాటలెక్కువ. సరిచెయ్యవచ్చు."
తలకిందులుగా చదివాను,
కిటికీ ఉద్యోగం నేర్పిన విద్య.

సరిచెయ్యవచ్చు.
ఆ మాట ఆ రాత్రి
మా ఇద్దరి మధ్యా పడుకుంది.
నన్నూ సరిచేశారు ఏడో ఏట,
గోడ మీది పటం వైపు మొహం పెట్టించి.
దేశం పొడవంతా కంఠస్థం అయింది.
ఇప్పటికీ తెలిసినవాడు ఎదురైతే
"బాగున్నారా" అనేలోపు
పెట్టె పైకి వెళ్లిపోతుంది.

"నీలం కోటు వేసుకున్నవాళ్లు
టికెట్లు చింపరు" అంది హసింతా, చీకట్లో.
కాదనడానికేముంది?
చింపేది నేనేగా.

మర్నాడు రేవు పక్క బడి.
చూరు కారుతోంది, కింద రెండు బకెట్లు.
పిల్లలు వాటి చుట్టూ మూగి
గంటకెంత నిండిందో
సుద్దముక్కతో గీతలు గీస్తున్నారు.
ఒకడి లెక్క తప్పు.
ముగ్గురు కలిసి వాడితో పోట్లాడుతున్నారు.
టీచరు కిటికీకి ఆనుకుని వింటోంది.
పుస్తకాల అల్మరా ఒకటే, తలుపు ఊడింది.
హసింతా మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు.

మూలన ఒక పిల్లాడు.
హైతీ నుంచి వచ్చాడట, మాట ఇంకా తెలీదట.
మా వసపిట్ట వెళ్లి పక్కన కూలబడింది,
పది ప్రశ్నలు గుమ్మరించింది.
వాడు ఒక్క మాట అన్నాడు, తన భాషలో.
అది నోరు మూసుకుంది.
మళ్లీ అనమన్నట్టు చెవి ముందుకి పెట్టింది.
ఐదేళ్లలో నేనెరగని నిశ్శబ్దం అది,
ఎవరూ పటం వైపు తిప్పకుండా వచ్చింది.

ఇంటికొచ్చాక చూస్తే స్వెటర్ లేదు.
"మర్చిపోయా" అంది.
చలికి వణుకుతూ అంది,
కళ్లు మాత్రం అస్సలు మర్చిపోలేదు.
కాపలా బల్దొమేరో ఫోన్ చేశాడు:
మడతపెట్టి ఉందట,
ఆ పిల్లాడి కుర్చీ మీద.

రెండు ఫారాలూ ఖాళీగానే ఉన్నాయి బల్ల మీద.
నీలం కోటు సంగతి ఇంకా తేలలేదు,
ఊడిన అల్మరా సంగతీ అంతే.
"స్వెటర్ తెచ్చుకోవాలిగా" అన్నాను, నేలచూపులతో.
హసింతా కోటు తొడుక్కుని,
గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి,
"పెన్ను తీసుకో" అంది.