పైలం

పెంటయ్య సార్ రిటైరైన రోజు
తాళాల గుత్తి కన్నా ముందు
ఒక మాట చేతిలో పెట్టాడు:
"పైలం బిడ్డా."
నాకా, దానికా అని అడగలేదు.

కోరంటి దవాఖాన వెనక గల్లీలో
మూడో అంతస్తు మా ల్యాబు.
లిఫ్టు లేదు. జ్వరాలు ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తాయి.
కిటికీ పక్కన ఇత్తడి మెడ వంచుకుని
ఒంటికంటి ముసలి మైక్రోస్కోపు,
కరెంటు ఎరగనిది, పాదం దగ్గర గుండ్రటి అద్దం ఒక్కటే.
సర్వీసులో సార్ కంటే సీనియర్.

"మెడ కింద ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి.
ఒంటిచేత్తో ఎత్తుడంటే
నిద్రపోయే పిల్లను రెక్కపట్టి గుంజుడే.
లెన్సు కిందికి దించేటప్పుడు పక్క నుంచి చూడు,
స్లైడు పలిగితే సూదిపోటు మళ్ల ఆయనకే, నీకు కాదు.
నూనె వందకే. నలభైకి అంటనియ్యకు.
తుడిస్తే లెన్సు కాగితంతోనే..."
అప్పటికే నా చున్నీ కొస నా వేళ్ల మధ్య ఉంది.
సార్ చూశాడు. ఏమనలేదు.

ఆయన దగ్గరే మిగతావాటి గుణాలూ తెలిశాయి.
స్టీరియోది రెండు కళ్ల సంసారం,
దోమపిల్లను కాళ్లతో మీసాలతో నిండుగా చూపిస్తుంది,
లోపలి సంగతి అడిగితే మాత్రం తెల్లమొహం.
ఫ్లోరెసెంటుకి చీకటి గది కావాలి,
ఆ చీకట్లో క్షయ పురుగులు
పచ్చగా, ఎవరో పారేసిన అగ్గిపుల్లల్లా.
ఫేజ్ కాంట్రాస్టుకి రంగు పూయనక్కర్లేదు,
బతికున్నదాన్ని బతికుండగానే చూస్తుంది.
తార్నాక దాటాక ఏదో పెద్ద సంస్థలో
ఎలక్ట్రానుది ఉందట, గదంత.
"దాని ముందర పానం నిలవదు బిడ్డా,
గాలి కూడా ఉండొద్దంటది.
మనకెందుకు, మనది బస్తీ కొట్టు."

ఆ జూలైలో వారం రోజులు ముసురు.
డబ్బాలో సిలికా గింజలు నీలం వదిలి
గులాబీకి తిరిగాయి. నేను చూసుకోలేదు.
ఒక ముసలమ్మ కఫంలో దారాలు దారాలు.
స్లైడు జరిపా, దారాలు జరగలేదు.
ఐపీసు తిప్పా.
తిరిగాయి.

బూజును పట్టే కంటికే బూజు.

షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని కోఠీకి,
రెండు చేతులూ దాని చుట్టూ,
చిల్లర తీయడానికి మూడో చెయ్యి లేక
పక్కావిడ ఇచ్చింది పది రూపాయలు.
ఖుర్షీద్ చాచా రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు.
"నోటితో ఊదకమ్మా, తుంపర పడుతది."
రెండు గంటలు దాంతోనే.
చివరికి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు:
"ఈ ఒక్క గీత పోదు, గాజులకు దిగింది.
ఎక్కడుందో యాది పెట్టుకో, చాలు."
తొమ్మిది గంటల ముల్లు దగ్గరుంది.
ఇప్పుడు దాన్ని తప్పించి చూడటం
గుమ్మం తగలకుండా తల వంచడమంత అలవాటు.

నిన్న నాలుగింటికి కరెంటు పోయింది.
కిస్తీల మీద కొన్న కెమెరా మైక్రోస్కోపు
నల్ల తెర వేసుకుని కూర్చుంది.
బెంచీ మీద వణుకుతూ ఒక పిల్లాడు,
నానక్‌రాంగూడ టవర్లలో సెంట్రింగు పని,
భాష ఒరియా, జ్వరానికి భాష లేదు.
గలీబు తీశా. అద్దాన్ని ఆకాశం వైపు తిప్పా.
వాన వెలిసిన తెలుపు గొట్టంలోకి ఎక్కింది.
ఒక చుక్క నూనె.
ఎర్రకణం లోపల
ఎర్రరాయి పొదిగిన నీలి ఉంగరం.
ఇంకొకటి. అదుగో, మరొకటి.

రిపోర్టు రాసి, నూనె తుడిచి,
చిన్న లెన్సుకి తిప్పి, గలీబు కప్పా.
సార్ భార్య పాత దిండు గలీబు అది,
అంచున అల్లిన చిలుకకి ముక్కు ఊడింది.

రాత్రి సార్ ఫోను. మెహదీపట్నంలో కంటి ఆపరేషనయ్యిందట,
రెండు కళ్లకీ మోతిబిందు.
నొప్పి సంగతి అడగబోయేలోపే
"గింజలు నీలమేనా?" అన్నాడు.

నీలమే సార్, అన్నా.
ఫోను పెట్టేసి, లేచి వెళ్లి చూశా.