డిటో

అరవై మూడున్నర కిలోల సుత్తి
డెబ్బై అయిదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడేది.
పెంచలయ్య తాడు వదిలేవాడు,
నేను లెక్క రాసేవాణ్ణి.
అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలో
అదే నేల చెప్పే మాట.
ఇసుక మొండిది, నలభై కొట్టినా బెత్తెడు కదలదు.
బంకమట్టి అడక్కుండానే ఒప్పేసుకుంటుంది.

కొరుక్కుపేట దాటాక బకింగ్‌హాం కాలవ మీద
వంతెన కోసం ఏడు బోర్లు.
ఒకప్పుడు మా నెల్లూరు వైపు నుంచి
సరుగుడు కట్టెల పడవలొచ్చిన నీళ్ళే,
ఇప్పుడు నల్లగా, ఎటూ పోకుండా.

ఆరు అయ్యాయి.
ఏడోది గట్టు దిగువన, తూటికాడ మధ్య.
రిగ్గు కాళ్ళు అక్కడ నిలవలేదు.
పెంచలయ్య చిటికెడు బురద తీసి వాసన చూశాడు.
"ఈడ పాత కాలవ పూడ్చినారబ్బయ్యా."
వాన. తెల్లారితే దీపావళి.
రిగ్గు అద్దె మాత్రం వానలోనూ నడుస్తుంది.
సూపర్‌వైజర్ తనికాచలం గొడుగు కింద నుంచే అన్నాడు:
"ఆరుకీ ఏడుకీ పద్దెనిమిది మీటర్లే కదప్పా..."
మిగతా వాక్యం నేనే పూర్తి చేశాను,
పెన్సిల్‌తో.

ఆరో బోరు: పన్నెండు మీటర్ల దగ్గర గట్టి ఇసుక.
దాని కింది వరసలో
రెండు చిన్న గీతలు,
చీమ కాళ్ళంత.

పైల్ గొయ్యి అక్కడ భలే సుళువుగా దిగిందట.
డీజిల్ మిగిలిందని సంతోషించారట.
నేల అప్పుడు కూడా చెప్పింది మరి.
నేనప్పటికి షోళింగనల్లూరు సైట్లో ఉన్నాను.
ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో నాకు తెలుసు.

తొమ్మిదేళ్ళకి
మూడో స్తంభం నాలుగు వేళ్ళు కుంగింది.
జాయింటు మీద ఇనపరేకు పరిచారు.
బస్సు ఎక్కగానే దడాల్‌మంటుంది.
పూలమ్మే ఆమె ముందే బుట్ట మీద చెయ్యేస్తుంది,
కండక్టరు టిక్కెట్టు చింపబోయి ఆగుతాడు.
అందరికీ అలవాటైన చోటు.
నాకది దెబ్బ.
లెక్కపెడతాను: ఒకటి.

విచారణ కాగితాల్లో ఇసుక లారీలున్నాయి, వరద ఉంది.
బోర్ల పట్టిక చివర్లో కుట్టారు,
నా చేతిరాతతోనే.
ఎవరూ ఆ గీతల దగ్గర ఆగలేదు.

మొన్న గూడూరు వెళ్ళి పెంచలయ్యని కలిశాను.
అరచేతుల్లో తాడు ఒరిసిన చాళ్ళు అలాగే ఉన్నాయి.
"ఏడో బోర్లో ఏముండేదంటావు?"
చాలాసేపు నా వైపు చూశాడు.
"ఎయ్యలేదు గదబ్బయ్యా,
నాకెట్టా తెలుస్తది?"